పాత మాయమంత్రాల హాస్య చిత్రాలు సేకరించాలంటే ముందు నిడివి చూడండి

కాకినాడ నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న ఇది. మాయాబజార్, పాతాళ భైరవి, విఠలాచార్య సినిమాలు కొన్ని చూసి వీరికి ఇష్టం పుట్టింది. ఇప్పుడు అంతగా పేరు వినిపించని పాత ఫాంటసీ కామెడీలు వెతికి దాచుకోవాలని ఉంది. తాతగారి ట్రంకు పెట్టెలో వీడియో క్యాసెట్లు, సినిమా పాటల పుస్తకాలు దొరికాయట. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం కొనాలి, స్నేహితులకు చూపిస్తే బోర్ అంటున్నారు, ఏం చేయాలి అని అడిగారు.

గుంటూరులో చాలా ఏళ్లు వీడియో లైబ్రరీ నడిపాను. ఈ రకం సినిమాలంటే నాకు ప్రాణం. అందుకని కాస్త పెద్దగానే రాస్తున్నాను.

ముందు సూటి జవాబు. సినిమా పేర్లు పోగు చేయకండి. ఒక్కో సినిమాకు పూర్తి నిడివి ఉన్న ప్రతి కోసం వెతకండి. ఎందుకంటే ఈ సినిమాల్లో కత్తెర పడితే మొట్టమొదట పోయేది హాస్యమే. కథానాయకుడి కత్తియుద్ధం ఎవరూ కోయరు. మాంత్రికుడి గుహ కోయరు. హాస్యగాడూ ఆయన జోడీ పాడుకునే పాట, రాజుగారి బావమరిది పిచ్చి చేష్టలు, కథకు పెద్దగా సంబంధం లేని పిల్లకథ, ఇవి ఎగిరిపోతాయి. తీరా మీరు చూసేది కామెడీ తీసేసిన ఫాంటసీ. మీ స్నేహితులు బోర్ అన్నారంటే తప్పు వాళ్లదే అనుకోకండి. మీరు చూపించిన ప్రతిలో అసలు ఏముందో ముందు చూడండి.

ఈ కోతలు ఎక్కడెక్కడ జరిగాయో లైబ్రరీలో కళ్లారా చూశాను. అప్పట్లో ఎక్కువగా వాడిన ఖాళీ క్యాసెట్ మూడు గంటలది. సినిమా మూడు గంటల పది నిమిషాలుంటే కాపీ చేసేవాళ్లు రెండో క్యాసెట్ ఖర్చు పెట్టుకోరు, మధ్యలో ఒక పాట దాటించేస్తారు. అంతకుముందు రీరిలీజులకు షో టైము కలవాలని థియేటర్లో రీళ్లు తగ్గించేవాళ్లు. ఆ తగ్గించిన ప్రింటునే టెలిసినీ చేశారనుకోండి (అంటే ఫిల్ము నుంచి వీడియోకు ఎక్కించారనుకోండి), ఆ కోత శాశ్వతమైపోతుంది. వీసీడీలో, అంటే వీడియో సీడీలో, ఒక డిస్కుకు డెబ్బై నాలుగు నుంచి ఎనభై నిమిషాలే పడుతుంది కాబట్టి, రెండు డిస్కుల్లో సర్దాలని చూసినప్పుడు మళ్లీ కోత పడేది. మాయాబజార్ అంతటి సినిమాకే 2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు నిడివి తగ్గించారు. కొన్ని పద్యాలు, పాటలు పోయాయి. ఇక పేరు లేని సినిమాల సంగతి చెప్పాలా?

మరి పూర్తి నిడివి ఎంతో ఎలా తెలుస్తుంది? సినిమా మొదట్లో సెన్సార్ సర్టిఫికెట్ కనిపిస్తుంది. దాన్ని పాజ్ చేసి చదవండి. రీళ్ల సంఖ్య, పొడవు రాసి ఉంటాయి. 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. 16,200 అడుగులంటే సరిగ్గా మూడు గంటలు. పొడవు మీటర్లలో ఉంటే నిమిషానికి 27.4 మీటర్ల చొప్పున లెక్క వేయండి. ఆ అంకెను మీ డిస్కు నిడివితో పోల్చండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇది తెలియక చాలామంది మంచి ప్రతిని పారేసుకుంటారు. సినిమా తీసింది సెకనుకు 24 ఫ్రేములతో. మన దేశంలో పాత టీవీ పద్ధతి పాల్, అది సెకనుకు 25. అందుకని పాల్ డీవీడీ, వీసీడీ, క్యాసెట్‌లలో సినిమా సాధారణంగా నాలుగు శాతం తొందరగా అయిపోతుంది. 180 నిమిషాల సినిమా 173కు దిగుతుంది. ఆ ఏడు నిమిషాలు కోత కాదు, పరుగు. శ్రుతి కూడా దానికి తగ్గట్టు పెరుగుతుంది. ఘంటసాల గొంతు కొంచెం సన్నగా వినిపిస్తే అదే కారణం. అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసం చేసిన తెలుగు డీవీడీల్లో చాలా వరకు అక్కడి టీవీ పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీవి, పాల్ ప్రతి నుంచి మార్చినవి కాకపోతే వాటిలో ఈ తేడా ఉండదు. అక్కడ ఇండియన్ గ్రోసరీ షాపుల్లో అద్దెకిచ్చి తిప్పిన డిస్కులు ఇప్పుడు ఎవరో ఒకరి గ్యారేజీలో మూలుగుతుంటాయి. మీకు అక్కడ బంధువులుంటే అడగండి. ఒకే సినిమాకు రెండు డిస్కులు దొరికితే నేను ముందు అమెరికా డిస్కునే చూస్తాను.

రెండో ఆధారం మీ పెట్టెలోనే ఉంది. ఆ పాటల పుస్తకాలు క్యాసెట్ల కన్నా విలువైనవి. థియేటర్ దగ్గర అణాలకు అమ్మిన పల్చటి పుస్తకం. అందులో తారాగణం, సాంకేతిక వర్గం, సగం కథ చెప్పి మిగతాది వెండితెరపై చూడమనే ముక్తాయింపు, వరసగా పాటలు, ఎవరు పాడారో ఉంటాయి. సినిమాలో ఏం ఉండాలో చెప్పే జాబితా అది. నా దగ్గరున్న ఒక జానపద చిత్రం వీసీడీలో తొమ్మిది పాటలున్నాయి, పుస్తకంలో పదకొండు. లేని రెండూ హాస్యజంటవే. ఆ తర్వాత ఒక పాత క్యాసెట్ దొరికింది. బొమ్మ అంత బాగా లేదు, కానీ అందులో ఆ రెండు పాటలూ ఉన్నాయి. ఇప్పుడు నేను ఎవరికైనా ఆ సినిమా చూపించాలంటే ఆ మసక క్యాసెట్ నుంచి తీసిన కాపీయే వేస్తాను. నవ్వు మొత్తం అందులోనే ఉంది.

ఏ వరసలో సేకరించాలి అన్నారు. ఎక్కడో ఒక చోట దారం పట్టుకోవాలి. మీది కాకినాడ కాబట్టి నేనైతే చిత్తజల్లు పుల్లయ్యగారిని పట్టుకోమంటాను. ఆయన మీ ఊరాయనే. జనం ఆయన్ని లవకుశతో గుర్తుపెట్టుకున్నారు కానీ, మాయనూ నవ్వునూ కలపడంలో ఆయన చేయి వేరు. 1942లో జెమిని వారి బాలనాగమ్మ తీశారు. కాంచనమాల బాలనాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీ. 1960లో దేవాంతకుడు, 1966లో పరమానందయ్య శిష్యుల కథ. మూడూ మూడు రకాలు. మొదటిదాంట్లో భయం ఎక్కువ, హాస్యం అంచున ఉంటుంది. చివరిదాంట్లో శిష్యుల మూర్ఖత్వమే నడిమధ్యకు వస్తుంది, నాగయ్యగారి పరమానందయ్య వాళ్లను ఓర్పుతో భరిస్తుంటారు. రేలంగి కూడా పుల్లయ్యగారి దగ్గరే సినిమా పని నేర్చుకున్నారు. అంటే తర్వాత ముప్పై ఏళ్ల మన హాస్యానికి ఒక వేరు అక్కడుంది. ఈ మూడూ వరసగా చూస్తే మీకే తెలుస్తుంది.

దేవాంతకుడు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. బతికుండగానే యమలోకం వెళ్లినవాడి కథ ఇది. మూలం 1958లో వచ్చిన బెంగాలీ చిత్రం జమాలయే జీబంత మానుష్. అందులో ప్రధాన పాత్ర వేసింది భాను బందోపాధ్యాయ్, అక్కడి పెద్ద హాస్యనటుడు. 1960లో పుల్లయ్యగారే తమిళంలో నాన్ కండ సొర్గం తీస్తే, అందులో హీరో తంగవేలు. ఆయనా హాస్యనటుడే. తెలుగులో మాత్రం ఎన్.టి. రామారావు, ఎదురుగా యముడిగా ఎస్.వి. రంగారావు. ఒక్క మార్పుతో సినిమా స్వభావం మారిపోయింది. హాస్యనటుడు యముణ్ణి నిలదీస్తే చిన్నవాడు పెద్దవాణ్ణి గిల్లినట్టుంటుంది, జాలి కలిసిన నవ్వు వస్తుంది. ఎన్టీఆర్ నిలదీస్తే అది సమఉజ్జీల పోటీ. నవ్వులో ధీమా ఉంటుంది. తెలుగులో యమలోకం సినిమాలు తర్వాత ఎక్కువగా ఈ రెండో దారిలోనే నడిచాయి. 1977లో యమగోల, 1988లో యముడికి మొగుడు, 1994లో యమలీల, ఇందులో మాత్రం హీరో హాస్యనటుడు అలీ. ఈ మూడింట్లోనూ యముడు కైకాల సత్యనారాయణే. చిత్రగుప్తుడు మొదటి రెండింట్లో అల్లు రామలింగయ్య, మూడోదాంట్లో బ్రహ్మానందం. అదే బెంగాలీ మూలం నుంచి వచ్చిన యమగోలను దర్శకుడు తాతినేని రామారావే 1979లో హిందీలో లోక్ పరలోక్‌గా తీశారు. అంటే బెంగాల్ నుంచి మద్రాసు వచ్చిన కథ వేషం మార్చుకుని బొంబాయి చేరింది. బెంగాలీ, తమిళ, తెలుగు, హిందీ ప్రతులు నాలుగూ పక్కపక్కన పెట్టుకుని చూడటమంత ఆనందం నాకు ఇంకెందులోనూ దొరకలేదు. ఇలాంటి ఒక్క వరస మీ దగ్గర పూర్తిగా ఉంటే, చెల్లాచెదురుగా ఉన్న వంద డిస్కుల కన్నా అది గొప్ప సేకరణ.

దీనికి పూర్తి ఎదురు ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. వాహినీ వారి గుణసుందరి కథ, 1949, కె.వి. రెడ్డి దర్శకత్వం. షేక్‌స్పియర్ కింగ్ లియర్ ఛాయలున్న కథను పింగళి నాగేంద్రరావు మన జానపదంలోకి తెచ్చారు. హీరో ఎవరనుకున్నారు, కస్తూరి శివరావు! హాస్యనటుడు. కురూపి భర్తగా, తర్వాత ఎలుగుబంటిగా ఆయన కనిపిస్తాడు. పక్కనే డాబు కొట్టే పెద్ద అల్లుళ్లుగా రేలంగి, శివరాం. హాస్యనటుడే హీరో కాబట్టి ఇందులో కామెడీని కోయాలన్నా కుదరదు, కథంతా కుప్పకూలుతుంది. మీ స్నేహితులకు మొదట చూపించాల్సింది ఇదే. పాతాళ భైరవి కాదు. పాతాళ భైరవి గొప్పదే, కానీ అందులోని మాటలు, అనుకరణలు వాళ్లు ఇదివరకే టీవీలో వందసార్లు విని ఉంటారు. కొత్తగా నవ్వాలంటే తెలియనిది చూపించాలి.

విఠలాచార్యగారి గురించి ఒక మాట. ఆయన సినిమాలు తక్కువ ఖర్చుతో తీసినవని తేలిగ్గా మాట్లాడేవాళ్లుంటారు. నేను ఒప్పుకోను. 1978 నాటి జగన్మోహినిలో దెయ్యం పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్లు పెట్టి వంట చేస్తుంది. దానికి ఎంత ఖర్చయి ఉంటుంది? కానీ చూసిన ప్రతి పిల్లవాడికీ జన్మంతా గుర్తుంటుంది. భయపడాలో నవ్వాలో తేలని ఆ క్షణాన్ని అంత చవకగా, అంత కచ్చితంగా పట్టుకోవడం అందరికీ వచ్చే విద్య కాదు.

ఇక ఎలా చూడాలి. ట్రిక్కులు ఎలా చేశారో కొంచెం తెలిస్తే ఆనందం రెట్టింపవుతుంది. కెమెరా ఆపి మనిషిని మార్చి మళ్లీ తిప్పడం, ఒకే ఫిల్ము మీద రెండుసార్లు తీయడం, లెన్సు ముందు సగం మూసి సగం తీయడం, వెనక్కి తిప్పడం, సన్నటి తీగలు. దాదాపు ఇంతే సామగ్రి. కెమెరా ఆపినప్పుడు పక్కనున్న నటుడు శిలలా కదలకుండా ఉండాలి. కొంచెం కదిలినా అతుకు బయటపడుతుంది. మంచి హాస్యనటుడు ఆ అతుకు మీద ఒక ఉలికిపాటు వేసి కప్పేస్తాడు. మాయ జరిగిన మరుక్షణం పక్కవాడి మొహం చూడండి, అసలు పని అక్కడే జరుగుతోంది. రమణారెడ్డి నిజజీవితంలోనూ ఇంద్రజాలం చేసేవారు. మాయాబజార్‌లో చినమయ్యగా ఆయన చేతివేళ్లు ఎలా ఆడతాయో ఒకసారి గమనించండి.

వీలైతే సురభి వారి మాయాబజార్ నాటకం చూడండి. 1885లో కడప జిల్లాలో మొదలైన ఆ కుటుంబాలు ఇప్పటికీ హైదరాబాద్‌లో నాటకాలు వేస్తున్నాయి. తీగల మీద మనుషులు ఎగరడం, క్షణంలో తెర మారడం కళ్ల ముందే చేస్తారు. మన సినిమా మాయకు పుట్టిల్లు రంగస్థలమే. నటులు ఒక మాట అని కాసేపు ఎందుకు ఆగుతారో కూడా అక్కడే అర్థమవుతుంది. హాలు నవ్వడానికి ఆ జాగా. ఒంటరిగా ఫోనులో చూస్తే అదే జాగా సాగదీతలా అనిపిస్తుంది. అందుకని నలుగురైనా కలిసి చూడండి, ఇంటర్వెల్ ఇవ్వండి, టీ తాగండి.

యూట్యూబ్ గురించి. అక్కడ చాలా ఉన్నాయి, మొదటి వెతుకులాటకు మంచిదే. కానీ బొమ్మ ఆకారం చూసుకోండి. మొదటి తెలుగు సినిమాస్కోప్ (వెడల్పు తెర) చిత్రం 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు. దాదాపు చదరంగా ఉండాల్సిన యాభైల నాటి సినిమా మీ వెడల్పు తెర మొత్తం నిండి కనిపిస్తోందంటే సాగదీసి ఉంటారు, లేదా పైనా కిందా కోసి ఉంటారు. సాగదీస్తే నయమే. కంప్యూటర్లో వీడియోలు చూసే వీఎల్‌సీ ప్లేయర్‌లో ఇంగ్లిష్ ఎ (A) అక్షరం నొక్కుతూ పోతే సరైన ఆకారం వస్తుంది. కోస్తే మాత్రం కిరీటాలు, తలలు పోతాయి, దానికి మందు లేదు.

కొనడం విషయానికొస్తే, పాత డీవీడీ షాపులు మూతపడేటప్పుడు అడ్డికి పావుసేరుగా అమ్ముతారు. 2000ల చివర్లో మోజర్ బేర్ కంపెనీ చవగ్గా తెచ్చిన వీసీడీలు, డీవీడీలు హైదరాబాద్ కోఠి, ఆబిడ్స్ ఆదివారం సంతలో ఇంకా కనిపిస్తాయి. వీసీడీని చిన్నచూపు చూడకండి. బొమ్మ సైజు 352, 288 చుక్కలే కానీ, కొన్ని సినిమాలకు అదొక్కటే ఆధారం. ఇంటికి తెచ్చిన రోజే కంప్యూటర్‌లోకి ఎక్కించండి. డిస్కులో ఎంపెగ్‌ఎవీ అనే ఫోల్డర్‌లో డ్యాట్ (.DAT) ఫైలు ఉంటుంది, సినిమా అదే. రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో పెట్టండి. వాటిలో ఒకటి వేరే ఇంట్లో ఉంచండి.

16 ఎం.ఎం., 35 ఎం.ఎం. ప్రింట్లు అమ్ముతామని ఎవరైనా ఫోన్ చేస్తే తొందరపడకండి. డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన వస్తే ఆ ఫిల్ము పాడవడం మొదలైంది. పక్కనున్న మంచి రీళ్లకూ అది అంటుకుంటుంది. 1950ల తొలినాళ్ల వరకు వచ్చిన 35 ఎం.ఎం. ప్రింటు నైట్రేట్ ఫిల్ము కావచ్చు. అది నిప్పంటుకుంటే ఆపలేం, ఇంట్లో అసలు పెట్టకూడదు. 2003లో పూణేలో జరిగిన అగ్నిప్రమాదంలో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ వారి నైట్రేట్ రీళ్లు పెద్ద సంఖ్యలో కాలిపోయాయి. అలాంటివి దొరికితే ఆ ఆర్కైవ్‌కో, ముంబైలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్‌కో తెలియజేయడమే మంచి పని. రంగుల ప్రింట్లు ఎర్రగా మారిపోయి ఉంటాయి, నీలి రంగు ముందు వెలిసిపోతుంది కనుక. నలుపు తెలుపు బొమ్మ వెండితో ఏర్పడుతుంది. అందుకే సరిగ్గా దాచితే అరవై ఏళ్ల తర్వాతా నిగనిగలాడుతుంది.

హక్కుల సంగతీ తెలుసుకోండి. మన చట్టం ప్రకారం సినిమాకు కాపీరైట్ విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1960లో వచ్చిన సినిమాకు 2020తో గడువు తీరింది. కానీ రంగులద్దిన ప్రతి, కొత్తగా రాసిన సబ్‌టైటిళ్లు వేరే లెక్క. మీ సొంతానికి చూసుకోవడం ఒకటి, నలుగురికీ పంచడం ఒకటి. రెండోది చేసే ముందు కచ్చితంగా కనుక్కోండి.

మీ పెట్టెలోని క్యాసెట్ల గురించి చివరగా. ఇప్పుడే ప్లేయర్‌లో పెట్టకండి. కాకినాడ తేమకు టేపు మీద బూజు పట్టి ఉండవచ్చు. క్యాసెట్ కిటికీలోంచి టార్చి వేసి చూడండి. తెల్లటి పొడి, దారాల్లాంటివి కనిపిస్తే అది వేరే పెట్టెలో పెట్టి, బూజు శుభ్రం చేయడం తెలిసినవాళ్లకే ఇవ్వండి. అలాగే తిప్పితే టేపు పోతుంది, ప్లేయర్ హెడ్డు పాడవుతుంది, తర్వాత వేసే మంచి క్యాసెట్‌కూ బూజు అంటుతుంది. బూజు లేనివాటిని నీడలో, పొడి గదిలో కొన్ని రోజులు నిలబెట్టి ఉంచి, ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి తిప్పాక కాపీ చేయించండి. కలరా ఉండలు వేయకండి, సిలికా జెల్ పొట్లాలు చాలు. పాటల పుస్తకాల పిన్నులు తుప్పు పట్టి ఉంటే మెల్లగా తీసేయండి, లామినేషన్ మాత్రం చేయించకండి.

ఆ తర్వాత పుస్తకాల ముందు అట్ట, వెనక అట్ట, పాటల జాబితా పేజీ ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి. ఏ సినిమాకు ఏ ప్రతి పూర్తిగా ఉందో నాకు తెలిసినంత వరకు ఒక్కోదానికీ చెప్తాను.